దొడ్డి రేవు చీకటి

సంధ్యవేళ దీపం పెట్టగానే దణ్ణం పెట్టుకోవడం అందరికీ ఉన్న అలవాటే. నాకు ఇంకో అలవాటు కూడా ఉంది. అమావాస్య నాడు పొద్దుగూకాక దొడ్డి తలుపు తీసి, బయటి చీకటికి కూడా ఒక దణ్ణం పెడతాను. మనవరాళ్ళు చూసి ముసిముసిగా నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. వాళ్ళకి ఈ కథ తెలియదు. తెలియవలసిన వయసు వచ్చాక నేనే చెబుతాను.

నేను పుట్టింది మెట్టలో, పెద్దాపురం దగ్గర. అక్కడ నీళ్ళంటే నూతిలో ఎక్కడో లోతున కనిపించేవి. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిన కొత్తల్లో నన్ను మురమళ్ళకి కూతవేటు దూరంలో ఉన్న ఈ ఊరికి ఇచ్చారు. గోదావరి ఒడ్డున ఇల్లు, పొద్దున లేస్తే గోదావరి స్నానం, సీతారత్నం ఎంత పెట్టిపుట్టిందో చూడండని మా పుట్టింటి ఆడవాళ్ళు తెగ మెచ్చుకున్నారు. మేము రాజులమని, మా ఇళ్ళలో ఆడవాళ్ళకి ఘోషా అని ఆ సంబరంలో వాళ్ళకి గుర్తు రాలేదు. నన్ను మేనాలో కూర్చోబెట్టి నాలుగు వైపులా తెరలు దించారు. పాయ దాటేటప్పుడు మేనాని అలాగే ఎత్తి, రెండు పడవలు కలిపి కట్టిన పంటు మీద పెట్టారు. చెక్కలకి నీళ్ళు తట్టుకోవడం విన్నాను. బురద వాసన వచ్చింది. గోదావరి దాటావు కదా, ఎలా ఉంటుందీ అని ఎవరైనా అడిగితే, ఎర్రటి పట్టుతెరలా ఉంటుందని చెప్పాలి మరి.

ఇంటి వెనక నిలువెత్తు గోడ. గోడ అవతల మాదే కొబ్బరితోట. తోట అవతల గట్టు, గట్టు దిగితే మా దొడ్డి రేవు, గౌతమీ పాయ. ఇవన్నీ నాకు చెబితే తెలిసినవి. నౌకర్లు కావిళ్ళతో నీళ్ళు తెచ్చి పెరట్లో గంగాళం నింపేవారు. అందులో చెంబు ముంచి పోసుకోవడమే నా గోదావరి స్నానం. రాత్రి పడుకుంటే పోటు నీళ్ళు గట్టుని కొట్టే చప్పుడు వినిపించేది. పక్క గదిలో పెళ్ళి భోజనాలు జరుగుతుంటే మనల్ని గడియ వేసి కూర్చోబెడితే ఎలా ఉంటుంది? నాకు అలాగే ఉండేది.

మా అత్తగారు వెంకటరమణమ్మగారు. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ తెల్లచీర కట్టుకుని, నడుముకి తాళాల గుత్తి దోపుకుని తిరుగుతుంటే ఇంట్లో పిల్లులు కూడా గోడ వారగా నడిచేవి. తిట్టేవారు కాదు. మా రాజుల ఇళ్ళలో ఉయ్యాల్లో ఉన్న పిల్లని కూడా అండీ అనే పిలుస్తారు, తెలుసు కదా. ఆవిడకి కోపం వస్తే ఆ అండీలు ఇంకో రెండు ఎక్కువ పడేవి, అంతే. నవ్వడం మాత్రం ఎవరూ చూడలేదు. తనకి ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మగారు నవ్వగా వినలేదని మావారే ఒకసారి నాతో అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు చిన్నబోయింది. ఆయన ఒక్కడే కొడుకు. పేరు నేను చెప్పను, ఇంత వయసొచ్చినా నాకు నోరు తిరగదు. అత్తగారు పిలిచినప్పుడు మీరే విందురుగాని.

వచ్చిన రెండో నెలకి నాకు అన్నం సహించడం మానేసింది. జ్వరం లేదు, నొప్పి లేదు. పెరటి గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. దిష్టి తీశారు, కషాయాలు పోశారు. ఫాల్గుణ మాసం అమావాస్య వచ్చింది. ఆ ఇంట్లో అమావాస్యకి ఆడవాళ్ళు చీకటి నోము పడతారని, ఆ వేళ వెనక వసారాలో దీపం ఉండకూడదని, మగవాళ్ళు అటు తొంగి చూడకూడదని అప్పటికే విన్నాను. సరే, ఇదొక్కటే తక్కువైంది అనుకున్నాను. పొద్దుగూకి కాస్త చీకటి చిక్కబడ్డాక అత్తగారు వసారా తలుపు లోపల గడియ వేసి, నా కాళ్ళ అందెలు విప్పమన్నారు. ఒక ముతక చీర చేతికిచ్చారు. చేపల వలలకి వేసే ముదురు బెరడు రంగులో ముంచిన చీర అది, కట్టుకుంటే చీకట్లో మనిషి జాడ తెలియదు. ఆవిడ కూడా తెల్లచీర విప్పి అలాంటిదే కట్టుకున్నారు. మామగారు పోయాక ఆవిడ ఒంటి మీద రంగు పడటం చూసింది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే, అదీ చూశానని చెప్పడానికి లేదు, కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనిపించడం లేదు.

దొడ్డి తలుపు బందులకి ఆముదం రాసి ఉంది, కిర్రుమనలేదు. గుమ్మం బయట అడుగు పెట్టి అక్కడే ఆగిపోయాను. దీపం లేకుండా ఎలాగండీ అని అడిగాను.

"దీపం మనకి దారి చూపిస్తుందో లేదో గానండి, మనల్ని మాత్రం ఊరందరికీ చూపిస్తుంది. కాసేపు కళ్ళు మూసుకుని తెరవండి. చాలు," అన్నారు అత్తగారు.

మూసుకుని తెరిచాను. ఆవిడ చెప్పింది నిజమే. కొబ్బరి మట్టలు పైన చుక్కల మధ్య నల్లగా కదులుతున్నాయి. చెట్ల మొదళ్ళ మధ్య దారి కాస్త తెల్లగా ఉంది. ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచాను. తోట మధ్యలో కొట్టేసిన చెట్టు మోడు ఒకటి ఉంది, దానికి నా బొటనవేలు తగిలి ప్రాణం జివ్వుమంది. మీ మామగారి అమ్మగారు నన్ను తీసుకొచ్చిన రోజున నాకూ ఇక్కడే తగిలింది, అప్పటికది పచ్చి చెట్టు అన్నారు అత్తగారు. చీకటి నోము ఏ శాస్త్రంలోనూ లేదనీ, ఈ ఇంటి ఆడవాళ్ళే అల్లుకున్నారనీ నాకు అప్పుడు అర్థమైంది. అత్తలు కోడళ్ళకి కాసులపేర్లు ఇస్తారు, తాళాలు ఇస్తారు. ఈ ఇంట్లో వాటన్నిటి కంటే ముందు దీన్ని ఇచ్చేవారు. అత్త లేని కోడలు ఉత్తమురాలు అనే సామెత కట్టినవాళ్ళని ఒక్క అమావాస్యకి మా ఇంటికి రమ్మనాలి.

గట్టు దిగేచోట పాపాయమ్మ కాచుకుని ఉంది. చేపలు పట్టే పల్లెకారుల మనిషి, మా రేవు పక్కనే వాళ్ళ గుడిసె. వాళ్ళ అత్త మా అత్తగారికి కాపలా కాసేదట, ఇప్పుడు ఇది కాస్తోంది. మాకు ముందు తను దిగి, గెడతో నీళ్ళు బాది, లోపల ఏమున్నా అదిలించింది. "ఆయ్, దిగండమ్మగారూ, పోటు నిండుగా ఉందండి," అంది.

నీళ్ళు నా చీలమండలు తాకాయి. ఏడుపొచ్చింది. గంగాళంలో నీళ్ళు ఎప్పుడూ కదలకుండా పడి ఉండేవి, ఇవి నన్ను పట్టి మెల్లగా లాగుతున్నాయి. మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయాను. అప్పుడు ముందు నుంచి ఒక గొంతు, ఆ ఇంట్లో నేను ఎన్నడూ వినని గొంతు, "రావే పిల్లా. మునగవులే, నేను లేనూ?" అంది.

అండీ లేదు! నేను నిర్ఘాంతపోయాను. నీళ్ళలో దిగగానే ఆవిడ అత్తగారు కావడం మానేశారు. చెయ్యి పట్టి లోపలికి లాగారు, వెల్లకిలా పడుకోబెట్టి వీపు కింద అరచెయ్యి పెట్టారు, చెవులు మునగనీ, భయపడకు అన్నారు. చెవులు మునిగాక లోకం చప్పుడు పోయింది. పైన ఆకాశం అంతా చుక్కలే. గొల్లకావడి ఎక్కడో, సప్తర్షులు ఎక్కడో ఆవిడ వేలు పెట్టి చూపిస్తుంటే వేలు కనబడకపోయినా చుక్కలు కనబడ్డాయి. ఆవిడ పుట్టిల్లు గోదావరి లంకలో. పెళ్ళి కాకముందు ఇంట్లోవాళ్ళు ఆవిడని చేపపిల్ల అనేవారట. ఆ రాత్రి ఇంటికి వచ్చి నేను రెండు సార్లు మారు వడ్డించుకుని తిన్నాను. కషాయం పనిచేసిందని మావారు వైద్యుడికి కొత్త పంచె పంపించారు. వైద్యుడు బతికినన్నాళ్ళూ ఆ కషాయం గురించి చెప్పుకునే ఉంటాడు.

చైత్రంలో ఇంకో వింత చూశాను. వేసవిలో మంచినీళ్ళు తగ్గి సముద్రపు నీళ్ళు పోటుతో పైకి ఎక్కుతాయి. ఆనకట్ట వచ్చాక ఇంకా పైకి ఎక్కుతున్నాయని పాపాయమ్మ చెప్పింది. ఆ నీళ్ళలో చెయ్యి కదిపితే వేళ్ళ చుట్టూ సన్నటి మెరుపు పుడుతుంది. కాలు ఆడిస్తే కాలంతా మెరుస్తుంది. కదలకపోతే ఏమీ లేదు, ఉత్త చీకటి. చిటికెడు దీపం దగ్గర ఉన్నా ఇది కనబడదు, వెన్నెల ఉన్నా కనబడదు. అమావాస్య వాళ్ళకే దక్కుతుంది. ఆ నీళ్ళలో మేము దాగుడుమూతలు ఆడేవాళ్ళం. దొంగ కళ్ళు మూసుకుంటే మిగిలినవాళ్ళు దూరంగా పోయి గొంతు దాకా మునిగి నిలబడాలి. ఎవరు కదిలినా మెరుపు పట్టిస్తుంది. నేను ఒక్క క్షణం కూడా నిలబడలేక దొరికిపోయేదాన్ని. అత్తగారు మాత్రం ఎంతసేపైనా రాయిలా ఉండేవారు. ఏళ్ళ తరబడి ఇంట్లో అదే పని కదా ఆవిడకి. నేను వెతికి వేసారి పిలిచేసరికి, నా వెనక నుంచే భళ్ళున నీళ్ళు చిమ్మి నవ్వేవారు. పెద్ద నవ్వు అది, ఆడపిల్ల నవ్వు. అవతలి ఒడ్డున తగిలి మళ్ళీ వచ్చేది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు. మా అత్తగారు దీపం లేనప్పుడే కోడల్ని చక్కబెట్టుకున్నారు. అలా ఏడాది గడిచింది. పగలు ఆవిడ తాళాల గుత్తి, అండీలు. అమావాస్యకి ఒసేయ్, పిల్లా. మిగిలిన రోజులన్నీ నేను ఆ ఒక్క పొద్దు మీద బతికేదాన్ని. ఆవిడ ఎన్నేళ్ళుగా దాని మీద బతుకుతున్నారో అప్పుడప్పుడు తలుచుకునేదాన్ని.

మరుసటి కార్తీకంలో మావారు పని మీద యానాం వెళ్ళి పొద్దుపోయి దోనె మీద తిరిగి వస్తున్నారు. మబ్బు పట్టి ఉంది. వల కట్టడానికి నీళ్ళలో పాతిన గుంజ కనబడక దోనె దానికి కొట్టుకుని తిరగబడింది. మావారికి ఈత రాదు. రాజుల బిడ్డ నీళ్ళలో ఆడితే మర్యాద కాదని ఆయన్ని చిన్నప్పుడు ఎవరూ దిగనివ్వలేదు. మునుగుతూ తేలుతూ మురమళ్ళ వీరేశ్వరస్వామికి మొక్కుకున్నారట, ఒడ్డెక్కితే ఎక్కిన రేవులో దీపం పెడతానని, ఏ రాత్రీ దాన్ని ఆరనివ్వనని. పాపాయమ్మ మొగుడు అప్పలరాజు కేక విని, ఈదుకుంటూ వెళ్ళి జుట్టు పట్టి లాక్కొచ్చాడు. తెచ్చి మా దొడ్డి రేవులోనే పడేశాడు.

ఆ కుటుంబానికి నేను ఏమిస్తే రుణం తీరుతుంది? ఇప్పటికీ వాళ్ళింటి వైపు తిరిగి దణ్ణం పెడతాను. మావారు కూడా చేయవలసిందంతా చేశారు. యానాంలో పరాసుల దొర, అదే ఫ్రెంచి దొర దగ్గర గాజు లాంతరు కొన్నారు, రేవులో గుంజ పాతించారు, అప్పలరాజుని దీపానికి పెట్టారు. పొద్దుగూకగానే లాంతరు వెలిగేది. గట్టు, మెట్లు, నీళ్ళు, అవతల పోయే పడవలు అన్నీ పట్టపగల్లా కనబడేవి. ఆ వెలుగులో మేము కాలు బయట పెట్టేది ఎలా?

ఇక్కడ మా చిక్కు మీకు సరిగ్గా అర్థం కావాలి. లాంతరు తీసెయ్యమని ఒక్క మాట అంటే పోయేది కదా అనుకుంటారు. మా ఇళ్ళలో దీపం ఆరిపోయిందని నోటితో కూడా అనం, కొండెక్కింది అంటాం. అలాంటిది కొడుకు ప్రాణం పేరు మీద వెలిగిన దీపాన్ని ఆర్పమని తల్లి ఎలా అంటుంది? అన్న నోరు పడిపోదూ? నేనే ఉండబట్టలేక పాపాయమ్మతో, అమావాస్య పూట నూనె కాస్త తక్కువ పొయ్యమని మీ ఆయనకి చెప్పకూడదా అన్నాను. "రాజుగారి ప్రాణం అండి అది. నూనె తగ్గిస్తే మా చేతులు పుచ్చిపోతాయండి," అని చెంపలు వేసుకుంది. నేనూ వేసుకున్నాను.

 అమావాస్యకి వసారా తలుపులు వేసుకుని నేనూ అత్తగారూ చీకట్లో కూర్చునేవాళ్ళం. తలుపు సందులోంచి లాంతరు వెలుగు సన్నటి గీతలా నేల మీద పడేది. ఆవిడ దానికేసి చూస్తూ జపం చేసుకునేవారు. చీకటి నోము ఇన్నాళ్ళకి నిజంగా నోమైపోయింది. మాఘం వచ్చేసరికి ఆవిడ తిండి తగ్గింది. ఒంట్లో ఎలా ఉందండీ అంటే బాగానే ఉందండి అనేవారు. ఒకనాడు చూద్దును కదా, పెరటి గోడకేసి చూస్తూ కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు నేను కూర్చున్న చోటే. నన్ను ఆ జబ్బులోంచి లేపిన మనిషి అదే జబ్బులో పడుతుంటే నా దగ్గర మందు లేదు. నాకు ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియలేదు, తప్పు చేసినవాళ్ళు ఎవరూ లేరు.

చైత్ర మాసం అమావాస్య నాటి సాయంత్రం గాలివాన వచ్చింది. వేసవిలో వచ్చే రకం, వచ్చినంత వేగంగానూ పోయింది. పాపాయమ్మ తడుస్తూ పరుగెత్తుకొచ్చి, కొబ్బరి మట్ట విరిగి లాంతరు మీద పడిందని, గాజు పిండి పిండి అయిందని చెప్పింది. అత్తగారి ముఖం పాలిపోయింది. బుచ్చిరాజుగారు ఎక్కడండీ అని వెతుక్కుంటూ వెళ్ళి, ముందరి అరుగు మీద కొడుకు తాంబూలం వేసుకుంటూ క్షేమంగా ఉండటం తలుపు చాటు నుంచి చూశారు. అదీ మావారి పేరు, విన్నారుగా. ఆవిడ తిన్నగా దేవుడి గదిలోకి వెళ్ళి ప్రమిదలో కొత్త వత్తి వేసి వెలిగించారు.  ఆ వత్తి నిలబడి వెలిగే దాకా అక్కడే కూర్చున్నారు.

నేను వెనక నిలబడి ఉన్నాను. దీపం ఇక్కడికి వచ్చింది కదండీ, ఇక్కడ చల్లగా వెలుగుతోంది కదండీ, రేవులోది మనం కొండెక్కించలేదు, కొబ్బరిచెట్టు ఎక్కించింది అన్నాను. ఆవిడ వత్తి ఎగదోశారు. నీళ్ళు మెరిసే రోజులు కూడానండీ అన్నాను. అప్పుడు తలెత్తి నన్ను చూశారు. తాళాల గుత్తి తీసి దేవుడి ముందు పెట్టి లేచారు.

వాన కడిగిన ఆకాశం. గాలి చల్లబడింది. తోటలో మట్టలు కాళ్ళకి అడ్డం పడుతుంటే నవ్వాపుకుంటూ నడిచాం. నీళ్ళలో దిగీ దిగగానే ఆవిడ మోకాళ్ళ దగ్గర మెరుపు లేచింది. "వచ్చేశానే," అన్నారు, నాతో కాదు, గోదావరితో. చాలాసేపు ఊరికే తేలాం. తరువాత దాగుడుమూతలు ఆడాం. నేను దొంగని. వెతికి వెతికి, ఇక నా వల్ల కాదు అని అరిచేసరికి నా మెడ వెనకే నీళ్ళు భళ్ళుమన్నాయి. ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. అన్ని నెలల నవ్వు ఒక్కసారి వచ్చింది, ఆపుకోలేకపోయారు, నా భుజం పట్టుకుని ఊగిపోతూ నవ్వారు.

అప్పుడు తోటలో వెలుగు కనబడింది. కాగడా. చెట్ల మొదళ్ళ మధ్య నుంచి గట్టు వైపు వస్తోంది.

నవ్వు ఆగిపోయింది. దాక్కోవడానికి చోటు లేదు. ఒడ్డుకి పోతే వెలుగులో పడతాం, లోపలికి పోదామంటే కదిలితే మెరుస్తాం. గొంతు దాకా మునిగి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నిలబడ్డాం. నౌకరు ఎవడైనా అయితే తెల్లారేసరికి ఊరంతా పాకుతుంది. రాజుగారి తల్లి, రంగు చీర, నడిగోదావరి, నవ్వు. ఆవిడ ఇంక ఏ ముఖం పెట్టుకుని ఆ ఇంట్లో తిరుగుతారు?  పాపాయమ్మ మాకూ ఒడ్డుకీ మధ్య గెడ పట్టుకుని నిలబడింది.

కాగడా గట్టుకి అవతలే, చెట్ల దగ్గరే ఆగిపోయింది. ఇంకో నాలుగడుగులు వేస్తే మేము కనబడతాం. వెయ్యలేదు. కాసేపు అలాగే ఉంది. తరువాత మెల్లగా కిందికి దిగింది. తడి ఇసకలో కాగడా గుచ్చిన చప్పుడు, చుయ్ మని, నీళ్ళ మీదుగా మాకు వినిపించింది. మళ్ళీ చీకటి పడింది. ఎవరో తడుముకుంటూ వెనక్కి నడిచారు. మోడు ఉన్నచోట ధబ్ మంది, అబ్బా అన్న మూలుగు వినబడింది. అంతే.

ఆ రాత్రి మేమిద్దరం నిద్రపోలేదు. పొద్దున మావారు చద్దన్నానికి వచ్చి కూర్చున్నారు. వడ్డిస్తూ చూశాను, ఆయన కుడికాలి బొటనవేలికి పసుపు పెట్టి గుడ్డ చుట్టి ఉంది. అత్తగారు కూడా చూశారు. ఆవిడ చేతిలో పెరుగు గరిటె ఆగిపోయింది. లాంతరు పగిలిందని తెలిసి, మొక్కు తప్పకూడదని రేవుకి కాగడా తెచ్చింది ఆయనేనన్నమాట. ఏమైందండీ వేలికి అని నేను అడిగాను. అడగకుండా ఉంటే బాగుండదు కదా. ఏదో తగిలిందండి అన్నారు ఆయన, తలెత్తకుండా.  తరువాత ఆయనే, విస్తరితో చెబుతున్నట్టు చెప్పారు.

"దొడ్డి రేవులో దీపం ఎవరికండి, చేపలకా? పడవలవాళ్ళు దిగేది పెద్ద రేవులోనండి. కొత్త లాంతరు అక్కడ పెట్టిస్తాను. పదిమందికి పనికొస్తుంది. ఇవాళే మురమళ్ళ వెళ్ళి స్వామికి చెప్పుకుని వచ్చేస్తానండి."

"మీ ఇష్టమండి," అన్నారు అత్తగారు.  పెరుగు మాత్రం ఆయన విస్తట్లో మామూలు కంటే రెండింతలు పడింది.

అనుకున్నట్టే చేశారు. లాంతరు పెద్ద రేవుకి వెళ్ళింది. ఇంతకు మించి ఆయన మాతో ఒక్క ముక్క అనలేదు, మేమూ అనలేదు. ఆయనకి ఎంత తెలిసిందో, తెలిసినదాన్ని ఆయన మనసులో ఏమనుకున్నారో మాకు తెలియలేదు. వైశాఖ మాసం అమావాస్య నాడు వెళ్ళాలా వద్దా అని చాలాసేపు గడియ దగ్గరే తర్జనభర్జన పడ్డాం. చివరికి అత్తగారే తలుపు తీశారు.

గుమ్మం దాటి చెయ్యి చాపితే నా చేతికి తాడు తగిలింది. కొబ్బరిపీచు తాడు, నడుము ఎత్తున, మొదటి చెట్టుకి కట్టి ఉంది. పట్టుకుని నడిచాను. అక్కడి నుంచి ఇంకో చెట్టుకి, ఇంకో చెట్టుకి, అలా తోట పొడవునా సాగింది. ఒకచోట చేతికి పెద్ద ముడి తగిలి ఆగాను. కాలితో తడిమి చూశాను. మోడు, నా కాలికి జానెడు ముందుంది. ఇంకో ముడి దగ్గర గట్టు దిగే మెట్టు. ఇంకొకటి మెట్టు రాయి కదిలేచోట. ఆ రాయి సంగతి వెలుగులో నడిచేవాళ్ళకి తెలియదు. చీకట్లో, దీపం లేకుండా, ఆ దారిన పనిగట్టుకుని మళ్ళీ మళ్ళీ నడిచినవాళ్ళకే తెలుస్తుంది.

అత్తగారు మోడు దగ్గరి ముడిని రెండు చేతులతోనూ పట్టుకుని తడిమారు.

"ఇది నౌకర్లు వేసింది కాదే," అన్నారు. "మా బుచ్చిగాడి ముడి. చిన్నప్పుడు మొలతాడుకి కూడా వాడు ఇలాగే రెండు మెలికలు ఎక్కువ వేసుకునేవాడు, ఊడిపోతుందేమోనని. ఎవరికీ ఊడేది కాదు, నేనే పళ్ళతో విప్పేదాన్ని."

ఆవిడ అక్కడే కూర్చుని ఏడ్చారు. నేనూ పక్కన కూర్చున్నాను. వెలుగు తప్ప ఇంకేమీ ఇవ్వడం తెలియని మనిషి, తన ప్రాణం పేరు మీద దీపం పెట్టుకున్న మనిషి, తల్లి కోసం తన చేతుల్తోనే కాగడాని ఇసకలో గుచ్చారు. ఆ తాడు పట్టుకుని నేను నడిచినన్నాళ్ళూ నా మొగుడి చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది. నాకు దేవుడిచ్చిన వాటిలో ఇంత గొప్పది ఇంకొకటి లేదు. తరువాత పాపాయమ్మ వచ్చి, పోటు తీసేస్తుందండి, ఏడుపులు రేపు ఏడుద్దురుగాని రండి అంటే ఇద్దరం లేచి నీళ్ళలో దిగాం.

తిరిగి వచ్చేసరికి మా గదిలో దీపం లేదు. మావారు పడుకునే ఉన్నారు గాని నిద్రపోలేదని ఊపిరి చెప్పింది. తడి జుట్టు విదుల్చుకుంటూ మంచం చివర కూర్చున్నాను. ఆయన బొటనవేలు ఎక్కడుందో తడిమి చూశాను. గాయం మానింది.

"నోము బాగా జరిగిందాండి?" అని అడిగారు.

బాగా జరిగిందండి అన్నాను. ఆయన నా వైపు ఒత్తిగిలారు. తరువాత, చిన్నపిల్లాడు మిఠాయి అడిగే గొంతుతో అడిగారు.

"అమ్మగారు నవ్వేరాండి?"

"ఆయ్," అన్నాను.